తడి వడ్ల కుప్ప లోపల అంత వేడి ఎక్కడిది? కణశ్వాసక్రియ తెలిసినవాళ్లు చెప్పండి

కల్లంకాడ (నల్గొండ) – శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. కోతలకని ఊరికొచ్చిన. బుధవారం మిషన్ పెట్టి కోయించినం, అదే సాయంత్రం వాన పట్టింది, ఆరబోసే టైమ్ లేక వడ్లన్నీ ఒక్కకాడ కుప్ప చేసి పైన టార్పాలిన్ కప్పినం. రెండు రోజులు వాన ఇడవలేదు. ఇయ్యాల పొద్దున కవర్ తీసి కుప్పలకు మోచేతిదాకా చెయ్యి పెట్టిన, అప్పుడే దించిన అన్నం గిన్నె మీద చెయ్యి పెట్టినట్టు ఉంది. బయట గాలేమో చల్లగ ఉంది. చెయ్యి తీస్తే తడి తడి, గింజలు అతుక్కొని వచ్చినయ్. టార్పాలిన్ లోపలి వైపు నీళ్ల బొట్లు, అవి వాన నీళ్లు కాదు, ఎక్కడన్న చిల్లు ఉందేమో అని మొత్తం చూసిన, లేదు.

బాపును అడిగితే "లోపల ఉడుకుతున్నయ్ రా, తిరగెయ్యాలె" అన్నడు. ఆయనకు అది మామూలే. నాకేమో పొద్దటి నుంచి అదే మనసుల తిరుగుతుంది. మంట లేదు, ఎండ లేదు, కరెంట్ లేదు, మరి ఆ వేడి యాడికెల్లి వచ్చింది? టెన్త్‌ల మైటోకాండ్రియాలు కణ శక్త్యాగారాలు అని రాసి మార్కులు తెచ్చుకున్న, దానికీ దీనికీ ఏమన్న సంబంధం ఉందా?

బోటనీ మేడం (గుంటూరు) – శనివారం రాత్రి 10:15

మీ చేతికి తగిలింది మీ వడ్ల ఊపిరి అండీ. సంబంధం ఉండటం కాదు, మొత్తం అదే.

వడ్లంటే మనకు బస్తాల్లెక్క, కానీ ప్రతి గింజలో ఒక పసి మొక్క బతికే ఉంటుంది. అన్నం బియ్యాన్ని దగ్గరగా చూడండి, ఒక మొన దగ్గర చిన్న నొక్కు కనిపిస్తుంది, పిండం ఉండే చోటు అది, మిల్లులో పాలిష్ పట్టినప్పుడు తవుడులోకి వెళ్లిపోతుంది. వడ్లుగా ఉన్నంతకాలం ఆ పిండం, దాని చుట్టూ ఉండే పొర బతికే ఉంటాయి, బతికి ఉన్నదేదైనా తినాలి, గాలి పీల్చాలి. అది తినేది పక్కనే ఉన్న పిండిపదార్థాన్ని. అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిని చక్కెరగా విడగొడుతుంది, ఆ చక్కెరని కణాలు ఆక్సిజన్‌తో కలిపి కొంచెం కొంచెంగా కాలుస్తాయి.

బాగా ఎండిన గింజలో ఇది దాదాపు ఆగిపోయినట్టే ఉంటుంది, ఎందుకంటే ఎంజైములు పనిచేయాలంటే కదలడానికి నీళ్లు కావాలి, తేమ 14 శాతం లోపు ఉంటే ఉన్న నీళ్లన్నీ పిండికి, ప్రొటీన్లకి అతుక్కుపోయి ఉంటాయి. మిషన్ కోసిన వెంటనే తేమ 20 దాటి ఉంటుంది కదా, అక్కడ కణాలన్నీ మేలుకునే ఉన్నాయి, పైగా వాన చల్లదనానికి గాలిలో తేమ కూడా తోడైంది.

ఇక మీ టార్పాలిన్ కింద నీళ్ల బొట్లు. 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా కాలితే 192 గ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 264 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 108 గ్రాముల నీళ్లు వస్తాయి. గింజలో ఉన్న తేమ ఆ వేడికి ఆవిరై పైకి లేస్తుంది, దానికి ఈ కొత్త నీళ్లు కలుస్తాయి, చల్లటి టార్పాలిన్‌కి తగిలి బొట్లు కడతాయి. అంటే గింజ తనని తాను తింటూ తనని తానే తడుపుకుంటోంది. తడి పెరిగితే శ్వాసక్రియ పెరుగుతుంది, అది పెరిగితే వేడి, వేడి పెరిగితే ఇంకా వేగం. అందుకే రెండు రోజుల్లో చెయ్యి పెట్టలేనంత అయింది. మీ నాన్నగారు చెప్పింది ముందు చేయండి, తిరగేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

కల్లంకాడ – శనివారం రాత్రి 10:31

తిరగేసినం మేడం, మధ్యాహ్నం జర తెరిపిస్తే నలుగురం కలిసి పారలతో సిమెంట్ రోడ్డు మీదికి పరిచినం, కాళ్లతో సాళ్లు తీసినం. పరుస్తుంటే పొగ లెక్క ఆవిరి లేచింది. ఒక్కటి అర్థం కాలే. 180 గ్రాముల నుంచి వచ్చే వేడి ఎంత? అంత పెద్ద కుప్పను వేడి చేసేంత ఉంటదా?

బోటనీ మేడం – శనివారం రాత్రి 10:50

సుమారు 670 కిలోక్యాలరీలు. అంటే 30 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్లని, దాదాపు 10 లీటర్లని మరిగే దాకా తీసుకెళ్లేంత. గుప్పెడు చక్కెర అండీ అది. పైగా వడ్ల కుప్ప వేడిని బయటికి పోనివ్వదు, ఊక, గింజల మధ్య గాలి రెండూ దుప్పటిలా పనిచేస్తాయి. కుప్ప అంచున చెయ్యి పెడితే చల్లగా, నడిమధ్యలో కాలుతూ ఉండేది అందుకే.

రెండోసారి నీట్ – శనివారం రాత్రి 11:20

మేడం మధ్యలో వచ్చినందుకు సారీ, కానీ ఈ టాపిక్ మీదే నాకో డౌట్ చాలా రోజుల నుంచి ఉంది, ఇక్కడే అడుగుతున్నా. ఒక గ్లూకోజ్‌కి ఎన్ని ఏటీపీలు (కణం పనులకి ఖర్చుపెట్టే శక్తి నాణేలు) వస్తాయి? పాత పుస్తకంలో 38 అని ఉంది, అక్కవాళ్ల నోట్స్‌లో 36, మా సార్ ఏమో 30 లేదా 32 అంటారు. ఏది రాయాలి, అసలు ఒకే గ్లూకోజ్‌కి నాలుగు ఆన్సర్లు ఎలా వస్తాయి?

పొర అవతల (హైదరాబాద్, పీహెచ్‌డీ) – ఆదివారం ఉదయం 7:05

తమ్ముడూ ఎగ్జామ్‌లో మీ ఇంటర్ పుస్తకం ఏది చెప్తే అది రాసెయ్, కానీ నిజం ఏంటో తెలుసుకో, ఎందుకంటే ఇందులో అసలు అందం అక్కడే ఉంది.

ముందు నడక చెప్తా. గ్లైకాలిసిస్ కణద్రవ్యంలో జరుగుతుంది, 10 మెట్లు, ఆరు కార్బన్ల గ్లూకోజ్ రెండు పైరువేట్లుగా విరుగుతుంది, ఖర్చులు పోను చేతికొచ్చేది 2 ఏటీపీలు, 2 ఎన్‌ఏడీహెచ్‌లు (ఎలక్ట్రాన్లు మోసే అణువులు). ఆక్సిజన్‌తో పని లేదు. పైరువేట్లు మైటోకాండ్రియాలోకి వెళ్లి ఒక్కో కార్బన్ డయాక్సైడ్ వదిలి ఎసిటైల్ కోఏ అవుతాయి, అక్కడ ఇంకో 2 ఎన్‌ఏడీహెచ్‌లు. తర్వాత క్రెబ్స్ వలయం, రెండు చుట్లు, మొత్తం 6 ఎన్‌ఏడీహెచ్‌లు, 2 ఎఫ్‌ఏడీహెచ్2లు (ఇవీ ఎలక్ట్రాన్లు మోసేవే), ఏటీపీతో సమానమైన 2 జీటీపీలు. గమనించు, నీ గ్లూకోజ్‌లోని ఆరు కార్బన్లూ ఇక్కడికే గాలిలో కలిసిపోయాయి, కానీ నేరుగా దొరికిన ఏటీపీలు నాలుగే. సంపాదన అంతా ఆ 10 ఎన్‌ఏడీహెచ్‌లు, 2 ఎఫ్‌ఏడీహెచ్2లు మోసుకొచ్చే ఎలక్ట్రాన్లలో ఉంది.

ఆ ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపొరలో ఒక ప్రొటీన్ నుంచి ఇంకో ప్రొటీన్‌కి దిగుతూ పోతాయి, చివర అందుకునేది ఆక్సిజన్. మనం ముక్కుతో పీల్చే గాలి చేసే పని ఇదే, ఆ గొలుసు చివర నిలబడి ఎలక్ట్రాన్లు అందుకుని నీళ్లుగా మారడం. ఎలక్ట్రాన్ దిగుతున్నప్పుడల్లా వచ్చే శక్తితో ఆ ప్రొటీన్లు ప్రోటాన్లని పొర అవతలికి తోస్తాయి. ఒక ఎన్‌ఏడీహెచ్‌కి 10 ప్రోటాన్లు. అలా తోసి తోసి పొరకి అటూ ఇటూ 150 మిల్లీవోల్టుల పైన తేడా వస్తుంది, వినడానికి చిన్నదే, కానీ పొర మందం 5 నానోమీటర్ల లెక్క, అంటే మీటరుకి 3 కోట్ల వోల్టులు. మామూలు గాలిలో నిప్పురవ్వ పుట్టే స్థాయికి దాదాపు పది రెట్లు.

తోసిన ప్రోటాన్లు వెనక్కి రావాలంటే ముఖ్యమైన దారి ఒక్కటే, ఆ పొరలోనే ఉండే ఏటీపీ సింథేజ్ అనే ప్రొటీన్. ఇది నిజంగా తిరిగే యంత్రం, మాటవరసకి కాదు. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు దాని ఇరుసుకి ఒక మెరిసే దారం అతికించి మైక్రోస్కోప్ కింద తిరగడం కళ్లారా చూపించారు. అదే ఏడాది బోయర్, వాకర్ అనే శాస్త్రవేత్తలకి దీని మీదే నోబెల్ వచ్చింది. ఒక్క చుట్టు తిరిగితే 3 ఏటీపీలు. నేను జూనియర్లకి చెప్పేటప్పుడు శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రం చెప్తాను, ఎందుకంటే అక్కడి ఆరు యూనిట్లూ రివర్సిబుల్, నీళ్లు దిగితే కరెంట్ వస్తుంది, కరెంట్ ఇస్తే నీళ్లని తిరిగి పైకి తోస్తాయి. ఏటీపీ సింథేజ్ కూడా అంతే, ప్రోటాన్లు దిగితే ఏటీపీ, ఏటీపీ ఖర్చుపెడితే వెనక్కి తిరిగి ప్రోటాన్లని తోస్తుంది. ఆ 1997 ప్రయోగంలో దారం తిరిగింది ఏటీపీ ఖర్చుతోనే.

ఇప్పుడు నీ డౌట్. ఒక ఏటీపీ చేసి మైటోకాండ్రియా బయటికి పంపడానికి సుమారు 4 ప్రోటాన్లు పడతాయి. 10ని 4తో భాగిస్తే 2.5. ఎఫ్‌ఏడీహెచ్2 గొలుసులో కొంచెం కింద నుంచి ఎక్కుతుంది కాబట్టి 6 ప్రోటాన్లే, అంటే 1.5. పదింటికి 25, రెండింటికి 3, నేరుగా వచ్చినవి 4, మొత్తం 32. గ్లైకాలిసిస్‌లో పుట్టిన ఆ రెండు ఎన్‌ఏడీహెచ్‌లు లోపలికి నేరుగా పోలేవు, ఏ దారిలో తమ ఎలక్ట్రాన్లని లోపలికి పంపిస్తాయో దాన్ని బట్టి రెండు తగ్గి 30 అవ్వొచ్చు. 38, 36 ఎక్కడివంటే, పాత రోజుల్లో 2.5ని 3 అనీ 1.5ని 2 అనీ లెక్కేశారు. అంతే తేడా.

రెండోసారి నీట్ – ఆదివారం ఉదయం 7:40

అన్నా ఇది నాకు రెండేళ్లలో ఎవరూ ఇలా చెప్పలేదు. 2.5 ఏటీపీ అంటే అర ఏటీపీ ఎలా పుడుతుంది అని నేను క్లాసులో అడిగితే అందరూ నవ్వారు, ఇప్పుడర్థమైంది, అది ప్రోటాన్ల సగటు లెక్క.

పొర అవతల – ఆదివారం ఉదయం 7:52

అడగాల్సిన ప్రశ్నే తమ్ముడూ. అసలు పీటర్ మిచెల్ అనే శాస్త్రవేత్త 1961లో ఈ ప్రోటాన్ల మాట చెప్పినప్పుడు పెద్ద పెద్ద వాళ్లే ఒప్పుకోలేదు, అందరూ మధ్యలో ఒక హై ఎనర్జీ రసాయనం ఉండాలి అని ఏళ్ల తరబడి వెతికారు, అది దొరకలేదు, ఎందుకంటే లేదు. ఆయన ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ అనే మారుమూల ప్రాంతంలో పాత బంగళాని బాగుచేయించుకుని అక్కడే ల్యాబ్ పెట్టుకుని పనిచేశాడు. 1978లో నోబెల్ ఒక్కడికే ఇచ్చారు.

గ్రే క్యాప్ (ఖమ్మం, ల్యాబ్ టెక్నీషియన్) – ఆదివారం ఉదయం 10:10

గ్లైకాలిసిస్ మాట వచ్చింది కాబట్టి నేను రోజూ చేతిలో పట్టుకునే సంగతి చెప్తాను. షుగర్ టెస్ట్‌కి రక్తం తీసేటప్పుడు గమనించే ఉంటారు, బూడిదరంగు మూత ఉన్న ట్యూబ్‌లో వేస్తాం. చాలామంది పేషెంట్లు అడుగుతారు ఏ ట్యూబ్ అయితే ఏంటి అని. అందులో అడుగున సోడియం ఫ్లోరైడ్ పొడి ఉంటుంది.

రక్తం ఒంట్లోంచి బయటికొచ్చినా కణాలు బతికే ఉంటాయి, ట్యూబ్‌లో కూడా గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబ్‌లో పెట్టి వదిలేస్తే గంటకి 5 నుంచి 7 శాతం దాకా షుగర్ తగ్గిపోతుంది. పొద్దున తీసిన రక్తాన్ని మధ్యాహ్నం మిషన్‌లో పెడితే షుగర్ ఉన్నోళ్లకి కూడా నార్మల్ అని రావచ్చు. ఫ్లోరైడ్ ఏం చేస్తుందంటే పైన అన్న చెప్పిన 10 మెట్లలో తొమ్మిదో మెట్టు దగ్గర ఉండే ఎనోలేజ్ అనే ఎంజైమ్‌ని ఆపేస్తుంది. కానీ అది తొమ్మిదో మెట్టు కదా, పై మెట్లు కొంతసేపు నడుస్తూనే ఉంటాయి, అందుకే మొదటి గంటా రెండు గంటల్లో ఎంతో కొంత తగ్గుతుంది, ఫ్లోరైడ్ ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. మేం ట్యూబ్‌ని ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేసి కలుపుతాం, వీలైనంత త్వరగా సెంట్రిఫ్యూజ్ పెట్టి ప్లాస్మా వేరు చేస్తాం.

వేరే చోట పనిచేసినప్పుడు ఒక పెద్దాయన రిపోర్ట్ రెండుసార్లు తేడా వచ్చింది, ఊళ్లో క్యాంప్‌లో తీసిన శాంపిల్ ఎండలో బండి మీద రెండు గంటలు తిరిగి వచ్చింది, అదీ ఫ్లోరైడ్ లేని ఎర్ర మూత ట్యూబ్‌లో. ఆయన బాగానే ఉందనుకుని మందు మానేశాడు. ఆ రోజు నుంచి నేను టైమ్ రాయని ట్యూబ్ తీసుకోను.

కల్లంకాడ – ఆదివారం మధ్యాహ్నం 1:25

అంటే నా వడ్లూ మీ ట్యూబూ ఒకటే కథ అన్నట్టు. కోసినా బతికే ఉంది, తింటనే ఉంది. మరి రక్తకణాలు ఆక్సిజన్ మోస్తయి కదా, వాటికి గాలికి కొదవ ఏముంది, పూర్తిగా కాల్చుకొని 32 తీసుకోవచ్చు కదా?

గ్రే క్యాప్ – ఆదివారం మధ్యాహ్నం 2:00

అదే విచిత్రం అండి. ఎర్రరక్తకణంలో మైటోకాండ్రియానే ఉండదు. మూలుగలో తయారయ్యేటప్పుడు కేంద్రకం, మైటోకాండ్రియా అన్నీ పారేసి హిమోగ్లోబిన్‌తో నింపుకుని బయటికొస్తుంది. 120 రోజుల బతుకంతా గ్లైకాలిసిస్‌లో వచ్చే ఆ 2 ఏటీపీల మీదే. మోసే ఆక్సిజన్‌లో ఒక్క అణువు కూడా తను వాడుకోదు. అలా గ్లూకోజ్ విరిచాక మిగిలిన లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లం) రక్తంలోకి వదిలితే కాలేయం దాన్ని పట్టుకుని మళ్లీ గ్లూకోజ్ చేసి పంపిస్తుంది.

గట్టు మీద (భీమవరం) – ఆదివారం సాయంత్రం 4:30

ఏటీపీ ఏటీపీ అని ఇంత మాట్లాడుకుంటున్నారు, దాన్ని కనిపెట్టినాయన పుట్టింది మా ఊళ్లోనండీ, ఎవరూ ఎత్తలేదేంటి? యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895 భీమవరం. హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆయనతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చూసి కొలిచే పద్ధతి తయారు చేశారు, ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తారు. ఆ పద్ధతితో కండరాన్ని వెతుకుతుంటే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనిపెట్టాడు. సుబ్బారావు గారు 1948లో పోయారు, 53 ఏళ్లే.

నేను రొయ్యల చెరువులు చేస్తానండీ. శ్వాసక్రియ అంటే నాకు పుస్తకం కాదు, రాత్రి రెండింటి నుంచి తెల్లారేదాకా నిద్ర లేకపోవడం. పగలు చెరువులో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, సాయంత్రం డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) కొలిస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. సూర్యుడు పోయాక అదే నాచు, రొయ్యలు, అడుగున మట్టిలో ఉన్న బ్యాక్టీరియా అన్నీ కలిసి పీల్చుకోవడమే, ఇచ్చేది ఏదీ లేదు. తెల్లవారుజామున నాలుగు, అయిదు మధ్య అట్టడుక్కి వస్తుంది. 3 పీపీఎం కిందకి పోయిందా, రొయ్య గట్టు పక్కకి వచ్చేస్తుంది, టార్చ్ వేస్తే కళ్లు ఎర్రగా మెరుస్తూ పైనే కనపడతాయి. అప్పటికప్పుడు కరెంట్ పోతే జనరేటర్ లాగాలి, ఏరియేటర్లు ఆగాయంటే గంటలో పంట పోతుంది. ఒకసారి డీజిల్ చూసుకోలేదు, ఎకరంన్నర చెరువు తెల్లారేసరికి తేలిపోయింది. ఆ ఎలక్ట్రాన్ గొలుసు చివర ఆక్సిజన్ లేకపోతే ఏమవుతుందో నేను కళ్లతో చూశానండీ.

ఐదింటికే జిమ్ – ఆదివారం రాత్రి 8:15

బ్రో ఫాస్ఫోక్రియాటిన్ అంటే మేం వేసుకునే క్రియాటిన్ పౌడరేనా? అది కనిపెట్టింది మన తెలుగాయన అని నాకు ఇవాళే తెలిసింది. ఇంకోటి, లెగ్ డే అయ్యాక రెండు రోజులు మెట్లు దిగలేను, అది లాక్టిక్ యాసిడ్ పేరుకోవడం వల్లే అని ట్రైనర్ అన్నాడు. కరెక్టేనా?

పొర అవతల – ఆదివారం రాత్రి 9:00

ఆ క్రియాటినే, ఒంట్లోకి వెళ్లాక కండరంలో ఫాస్ఫేట్ తగిలించుకుంటుంది. బరువు ఎత్తిన మొదటి కొన్ని సెకన్లు కండరంలో ఉన్న ఏటీపీ చాలదు, ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్ ఇచ్చేసి అయిపోయిన ఏటీపీని వెంటనే నింపుతుంది. ఆ తర్వాత గ్లైకాలిసిస్ అందుకుంటుంది, నెమ్మదిగా మైటోకాండ్రియా. మనిషి రోజు మొత్తంలో చేసి ఖర్చుపెట్టే ఏటీపీ దాదాపు తన ఒంటి బరువంత ఉంటుంది, కానీ ఏ క్షణంలో చూసినా ఒంట్లో ఉండేది గ్రాముల్లోనే, అదే అణువు రోజంతా వందలసార్లు నిండి ఖాళీ అవుతూ ఉంటుంది.

లాక్టిక్ యాసిడ్ సంగతి మాత్రం తప్పు. వ్యాయామం ఆపాక గంట, అటూ ఇటుగా లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది, గుండె, కాలేయం దాన్ని ఇంధనంగా వాడేసుకుంటాయి. రెండో రోజు నొప్పి కండరపోగుల్లో పడిన సన్నటి చీలికలు, వాటి వాపు వల్ల. అలవాటు లేకుండా మెట్లు దిగినా, కొండ దిగినా అదే నొప్పి రావడం చూడు, అక్కడ ఆయాసం కూడా రాదు.

జిమ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. ఫ్యాట్ బర్నర్ పేరుతో ఆన్‌లైన్‌లో డీఎన్‌పీ అని పసుపు మాత్రలు అమ్ముతుంటారు, ముట్టుకోవద్దు. అది మైటోకాండ్రియా లోపొరకి చిల్లు పెట్టినట్టు పనిచేస్తుంది, ప్రోటాన్లు ఏటీపీ సింథేజ్ గుండా రాకుండా దొడ్డిదారిన వచ్చేస్తాయి, కొవ్వు కరుగుతుంది నిజమే, కానీ శక్తి అంతా వేడిగా పోతుంది. అమెరికాలో 1930ల్లో బరువు తగ్గడానికి వాడారు, ఒళ్లు కాలిపోయి జనం చనిపోతే 1938లో ఆపేశారు. విరుగుడు మందు లేదు. మొదటి పోస్టులో అన్న కుప్పలో చెయ్యి పెట్టి చూసిన వేడి మనిషి లోపల పుడితే ఎలా ఉంటుందో అదే అది.

పిండి డబ్బా (న్యూజెర్సీ) – సోమవారం ఉదయం 6:30

నాదొక వంటింటి డౌట్ అండీ. ఇక్కడ చలికాలం ఇడ్లీ పిండి పొంగదు, ఓవెన్‌లో లైట్ వేసి పెడతాను, తెల్లారేసరికి గిన్నె మూత ఎత్తేస్తుంది. అది కూడా శ్వాసక్రియేనా? ఈస్ట్ వల్ల అని మా అమ్మాయి అంటుంది.

బోటనీ మేడం – సోమవారం ఉదయం 8:10

ఇడ్లీ పిండిలో ఎక్కువ పని చేసేది ఈస్ట్ కాదమ్మా, ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా, మినప్పప్పు మీద ఉండేదే. అది చక్కెరని విరిచి లాక్టిక్ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పులుపు మొదటిది, పొంగు రెండోది, మినప్పిండి జిగట ఆ గ్యాస్‌ని పట్టి ఉంచుతుంది. దానికి గాలి అక్కర్లేదు. స్కూలు పుస్తకాల్లో దీన్ని కూడా అవాయు శ్వాసక్రియ అనే రాస్తాం, కచ్చితంగా మాట్లాడితే ఇది కిణ్వనం, ఎందుకంటే ఇందులో ఎలక్ట్రాన్ గొలుసు లేదు, చక్కెర పూర్తిగా కాలదు. తాటికల్లులో ఈస్ట్ చేసేది కూడా కిణ్వనమే, లాక్టిక్ ఆమ్లం బదులు ఆల్కహాల్. అలా ఈస్ట్‌కి ఒక్క గ్లూకోజ్ నుంచి 2 ఏటీపీలే కాబట్టి బతకాలంటే ఎంతో ఎక్కువ చక్కెర తినాలి, గాలి తగిలితే ఈస్ట్ చక్కెర తినడం తగ్గిస్తుందని పాశ్చర్ 1861లోనే గమనించాడు.

కల్లంకాడ గారూ, ఇంట్లో పిల్లలుంటే ఒక పని చేయండి. రెండు థర్మాస్ ఫ్లాస్కులు తీసుకుని ఒకదాంట్లో మొలకెత్తిన పెసలు, రెండోదాంట్లో ఉడకబెట్టి చల్లార్చిన పెసలు వేసి, దూది బిగించి మధ్యలో థర్మామీటర్ దిగేయండి. గట్టి మూత పెట్టొద్దు, గాలి ఆడాలి. రోజూ రెండుసార్లు చూడండి.

కల్లంకాడ – గురువారం రాత్రి 9:20

చేసినం మేడం. మా అక్క బిడ్డ ఎనిమిదో తరగతి, పొద్దున సాయంత్రం అదే రాసింది. మొదటి రోజు రెండూ 28. రెండో రోజు సాయంత్రానికి మొలకల ఫ్లాస్కు 33, ఉడకబెట్టింది 28. మూడో రోజు పొద్దున మొలకలది 36. అంతవరకు బాగుంది. కానీ మూడో రోజు సాయంత్రం ఉడకబెట్టిన ఫ్లాస్కు కూడా 32 చూపించింది, దూది తీస్తే కుళ్లు వాసన, గింజలు జిగటగా ఉన్నయ్. పోరి ఏడుపు ఒక్కటే తక్కువ, మామా మన ప్రయోగం తప్పైంది అంటది. చచ్చిన గింజలు ఊపిరి తీస్తయా?

బోటనీ మేడం – గురువారం రాత్రి 9:55

పాప ప్రయోగం తప్పు కాలేదని చెప్పండి, నేను చెప్పడం మర్చిపోయిన సంగతి తనే పట్టుకుంది. గింజలు చచ్చిపోయాయి, కానీ గాలిలోంచి, దూదిలోంచి పడిన బ్యాక్టీరియా, బూజు బతికే ఉన్నాయి కదా. వాటికి ఉడికిన పెసలు పెళ్లిభోజనం. ఆ వేడి వాటి శ్వాసక్రియది. ఈసారి ఉడకబెట్టిన గింజల్ని కొంచెం బ్లీచింగ్ కలిపిన నీళ్లలో కడిగి మూడో ఫ్లాస్కు పెట్టమనండి.

పొర అవతల – గురువారం రాత్రి 10:20

ఇది చూశాక నాకు మొదటి రోజు నుంచి అనుకుంటున్నది చెప్పాలనిపించింది. మీ వడ్ల కుప్పలో వేడి కూడా మొత్తం గింజదే కాదు అన్నా. తేమ ఎక్కువున్న ధాన్యంలో గింజ ఊపిరి ఎంతో, గింజ మీద పెరిగే బూజు ఊపిరి అంతకంటే ఎక్కువ అవుతుంది. మొదట్లో గింజ వేడెక్కిస్తుంది, ఆ వేడికి, ఆ చెమ్మకి బూజు లేస్తుంది, ఇంకా వేడెక్కితే గింజలోని ఎంజైములు దెబ్బతిని పిండం చచ్చిపోతుంది, అప్పుడిక బూజు ఒక్కటే నడిపిస్తుంది. కుప్ప అడుగున గాలి ఆడని చోట పులిసిన వాసన వస్తే అది కిణ్వనం. ఇడ్లీ పిండి, ఉడికిన పెసలు, మొలకలు మూడూ మీ కుప్పలోనే ఉన్నాయి.

కల్లంకాడ – ఆదివారం సాయంత్రం 6:45

ఇది బాపుకు చదివి వినిపించిన. ఆయన అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్న. "వేడి ఒక్కటే ఉంటే తిరగేస్తే బతుకుతయ్, వాసన పట్టినంక తిరగేసినా రంగు మారుతది." ఆ రోజు నన్ను పిలిచి కుప్పలోంచి గుప్పెడు తీసి ముక్కుకాడ పెట్టుకున్నది ఎందుకో నాకు ఇప్పుడర్థమైంది. వాసన లేకుండె, అందుకే పారలు తెమ్మన్నడు.

ఐదు రోజులు ఎండ కాసింది. నిన్న కొనుగోలు సెంటర్ల మిషన్ పెడితే తేమ 16.4 చూపించింది, 17 లోపు ఉండాలె, కాంటా అయింది. అడుగున పడ్డ రెండు బస్తాలు మాత్రం రంగు మారినయ్, అవి కోళ్లకు తీసి పెట్టినం. పోరి మూడో ఫ్లాస్కు పెట్టింది, బ్లీచింగ్ నీళ్లతోని. రెండు రోజులైంది, ఇంకా 28 మీదనే ఉంది.